‘రా’తో ముగిసే క్రియలు

మా బావను ‘రా’ అన్నవాడు రెండోసారి అన్న దాఖలా లేదు. అనడానికి ముందు నోట్లో పళ్ళుండాలి కదా.

బావ అంటే మా అక్క మొగుడు. మాంసం కర్మాగారంలో రంపం పని ఆయనది. పైనున్న పట్టాల మీద కొక్కేనికి తలకిందులుగా వేలాడుతూ వచ్చే పందిని తోక దగ్గర మొదలుపెట్టి మెడదాకా రెండు చెక్కలు చేసేవాడు. అందుకే అందరూ ఆయన్ను రంపమయ్య అనేవారు. కుడి సగానికీ ఎడమ సగానికీ తూకంలో తేడా వచ్చేది కాదు. ఆ తూకం గుమాస్తాను నేనే గనక ధైర్యంగా చెబుతున్నాను. ఒకసారి ఒక పంది తాను రెండు ముక్కలైన సంగతి తెలియక, గేటు దాకా వెళ్ళి, రెండువైపులకీ తిరిగిందని చెబితే మా మనవలు నవ్వుతారు. వాళ్ళు చూడలేదు.

ఆయన పిడికిలి సంగతి వేరు. బల్ల గుద్దితే పక్క గదిలో గోడ గడియారం ఆగేది. ఒకసారి బస్సు కండక్టరు తెలియక, “గుమ్మంలో నిలబడకు, లోపలికి రా” అన్నాడు.

“ఏమన్నావ్?”

“రా అన్నాను.”

“రండి అను.”

“నువ్వేమన్నా మంత్రివా?”

కండక్టరు టికెట్ల సంచీతో సహా కిటికీలోంచి బయటికి వెళ్ళాడు. ఆ బస్సు కిటికీలకు ఊచలుండేవి కదా అని గుర్తుచేసేవాళ్ళున్నారు. ఉండేవి. అంతకుముందు.

దీనికొక కారణం ఉంది. చిన్నప్పుడు ఆయన ఒక కసాయి దుకాణంలో పనికి కుదిరాడు. ఆ యజమాని ఒక్కనాడూ పేరుపెట్టి పిలవలేదు. “ఒరేయ్, ఇలా రా” అనడం, వెళితే బెల్టుతో కొట్టడం. వెళ్ళకపోతే బెల్టు బిళ్ళతో కొట్టడం. వీపు మీద ఆ బిళ్ళ గుర్తులు చచ్చేదాకా ఉన్నాయి. ఒకనాడు ఆ బెల్టు చేతులు మారింది. యజమాని ఆ తరువాత మంచం మీదే కూర్చుని దుకాణం నడిపాడు. అప్పటినుంచి ‘రా’ అని వినబడితే బావ పిడికిలి తనంతట తానే మూసుకునేది. పెద్దవాళ్ళూ ప్రాణస్నేహితులూ ‘రా’ అంటే ముద్దే. కానీ ఆయనకు పెద్దవాళ్ళు మిగల్లేదు, స్నేహితులు కుదరలేదు. తాను మాత్రం అందర్నీ ‘రా’ అనేవాడు. నన్నయితే చెప్పనే అక్కర్లేదు.

మా కర్మాగారానికి కొత్త గొలుసు యంత్రం వచ్చినప్పుడు, దాన్ని నడపడానికి దానితోపాటే ఒక మనిషీ వచ్చాడు. నిలువెత్తు మనిషి, ముక్కుకంటే మీసం ముందు నడిచేది. వాడికి స్పానిష్ తప్ప ఇంకో ముక్క రాదు. మీసం అని పేరుపెట్టాం. మెట్ల పైన మీట పట్టుకుని నిలబడి గొలుసు లాగించేవాడు. కింద నీళ్ళూ నెత్తురూ కలిసి పారే కాలువ పక్కన బావ కోసేవాడు. ఇద్దరి మధ్య మాటల్లేవు, గొడవల్లేవు.

ఒకరోజు కొక్కెం జారింది. వరసలో ఉన్న పందులన్నీ ఒకదాన్నొకటి గుద్దుకుంటూ వాలు మీద బావవైపు దూసుకొచ్చాయి. మీసం మీట మీద పడి గొంతు చించుకున్నాడు. ఒకవైపు రంపం మోత, మరోవైపు నీటి గొట్టాల మోత. అందులో బావ చెవికి అందింది తోకముక్క ఒక్కటే. “...రా! ...రా!”

బావ రంపం ఆపి తల తిప్పాడు.

“నన్నా? వస్తున్నా ఉండరా!”

పిడికిలి ఎత్తుకుని ముందుకే వెళ్ళాడు. ఎత్తిన ఎడమ చెయ్యి గొలుసుకూ పళ్ళచక్రానికీ మధ్య పడింది. చిటికెన వేలు, దాని పక్క వేలు మొదలంటా పోయాయి. నెత్తురు నా తెల్లకోటు మీద చిమ్మింది. బావ అరవలేదు. చేతివంక చూసుకుని, “వీడు రమ్మని పిలిచి నరికాడురా” అన్నాడు నాతో. తరువాత పడిపోయాడు. ఒక వేలు కాలువలో దొరికింది. రెండోది ఎటు పోయిందో నాకు తెలుసు గానీ, ఆ వారం మాంసం కొన్నవాళ్ళు ఇంకా కొందరు బతికే ఉన్నారు, ఊరుకుంటాను.

ఆసుపత్రికి మీసం వచ్చాడు. సంచీ నిండా బత్తాయిలు, చేతిలో టోపీ, చేతులకు కట్లు. గుమ్మంలో నిలబడి తల వంచి, మెల్లగా, “కిసియేరా...” అన్నాడు.

అంతే. బావకు ‘ఏరా’ అని వినబడింది. వేళ్ళు నరికింది చాలక నా మంచం దగ్గరికొచ్చి ఏరా అంటాడా అని సెలైను సీసా వేలాడదీసే ఇనపకడ్డీ పెరికి, సూది చేతిలో ఉండగానే లేచాడు. మొదటి దెబ్బకు మీసం పన్ను ఊడింది. రెండో దెబ్బకు మెట్లమీద దొర్లాడు. వెనకే బత్తాయిలు దొర్లాయి. వాటికంటే ముందు వాడే కిందికి చేరాడు.

చెయ్యి మానాక బావ పనిలోకి వచ్చాడు. రంపం పట్టుకోలేడు గనక, అదే గొలుసు కింద నిలబడి మాంసం మీద ముద్రలు కొట్టే పని ఇచ్చారు. వచ్చిన రోజే అందరూ వినేలా శపథం చేశాడు. “వాడి ఎడమచెయ్యి. అవే రెండు వేళ్ళు. నా కత్తితో.” బావ మాటంటే మాటే. మీసానికీ ఎవరో సైగలతో చెప్పారు. వాడు పారిపోలేదు. మీట దగ్గరే నిలబడ్డాడు.

ఆ రాత్రి కంచాల ముందు మా అక్క ఆ సంగతి తీసింది. అక్క ఆ కర్మాగారంలోనే నెత్తుటి ఏప్రాన్లు ఉతికే గదిలో పనిచేసేది. ఉడుకునీళ్ళ గొట్టం ఆమె ఆయుధం, నోరు అంతకంటే పదును.

“నరుకుతారా?”

“నరుకుతా.”

“జైలుకు పోతారా?”

“పోతా.”

“నేనేమైపోవాలి?”

“మీ తమ్ముడున్నాడుగా.”

“వీడా? వీడికి నేనే దిక్కు.” అక్క నావైపు కూడా చూడలేదు. “సరే, నరకండి. ఎందుకు నరికారో వాడికి తెలుస్తుందా?”

“చేత్తో చెబుతా.”

“చేత్తో ఏం చెప్పినా అవతలివాడికి ఒకటే అర్థమవుతుంది, అబ్బా అని. ఎవడో పిచ్చివాడు నరికాడనుకుంటాడు. మీ పంతం గాల్లో కలిసిపోతుంది.”

బావ ముద్ద కంచంలోనే ఆపేశాడు. “నిజమే. చెప్పకుండా నరికితే వాడికీ పందికీ తేడా ఏముంది? నరికే ముందు చెప్పాలి. వాడి భాషలో” అన్నాడు.

అక్క నాకు కన్ను గీటింది. భాష నేర్చుకునేసరికి కోపం చల్లారుతుందని ఆమె లెక్క. బావను ఎరిగి కూడా అలా అనుకుందంటే, మొగుడి మీద ఆశ చావలేదన్నమాట.

నేను చదివిన కాన్వెంటులో ఒక స్పానిష్ మదర్ ఉండేది. ముసలిదై బడి మానేసినా అక్కడే వెనకగదిలో ఉంటోంది. ఆవిడ తెలుగు పాత పుస్తకాల్లోంచి నేర్చుకున్నది. మమ్మల్ని కొట్టేటప్పుడు కూడా “చేయి చాపుము” అని గ్రాంథికంలోనే కొట్టేది. నా వేళ్ళ కణుపులకు ఆవిడ చెక్క స్కేలు ఇప్పటికీ గుర్తే. బావను అక్కడికి తీసుకెళ్ళాను.

“ఏమి చెప్పదలచితివి?” అని అడిగింది మదర్.

“ఒక స్నేహితుడితో ఒక మాట, మదర్. నువ్వు నన్ను రమ్మన్నావు, నేను వచ్చాను, అని.” బావ అంత మెత్తగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

మదర్ నవ్వింది. ఆ నవ్వు చూస్తే నా కణుపులు నొప్పెట్టాయి. “‘వచ్చాను’ సులభము. ‘రమ్మన్నావు’ కష్టము. గడచిన ఆజ్ఞను చెప్పుటకు మా భాషలో క్రియ వేరొక వేషము వేయును. జరిగినది కాదు, జరుగవలెనని ఒకడు కోరినది. ఆ వేషమున కొన్ని క్రియలు మిక్కిలి వంకరవి. అన్నియు నేర్వక ఒక్కటి నేర్పను.”

అలా మొదలైంది. పద్ధతి చూస్తే కసాయి పనే. ‘వాళ్ళు వచ్చారు’ అనే మాట తీసుకోవాలి. అది ‘వినియేరోన్’. చివరనున్న ‘రోన్’ తోక నరికేయాలి. ఆ మొండానికి ‘రా’ తగిలించాలి. వినియేరా. తోక నరకడం, కొక్కెం తగిలించడం బావకు చెప్పాలా? తల ఊపాడు. మదర్ వరసగా చదివింది. వినియేరా. పుసియేరా. తువియేరా. పుదియేరా.

నాలుగోదానికి బావ పిడికిలి మూసుకుంది.

“మదర్, వీటన్నింటి చివరా ‘ఏరా’ అంటున్నారేంటి?”

“అది ప్రత్యయము.”

“ఏదైనా సరే, నన్ను ఏరా అంటే...”

స్కేలు దిగింది. మిగిలిన వేళ్ళ మీద. నేను కళ్ళు మూసుకున్నాను. ఈ ముసలిది ఇప్పుడు కిటికీలోంచి వెళుతుంది, దీనికీ ఊచలున్నాయి, అనుకున్నాను. కళ్ళు తెరిస్తే బావ చేతిని చంకలో పెట్టుకుని, “వినియేరా” అంటున్నాడు.

ఆయన జన్మలో తిరిగి కొట్టని దెబ్బలు ఆ గదిలోనే తిన్నాడు. మదర్‌కు జాలి లేదు. ‘చెప్పారు’ అనేది ‘దిహేరోన్’. అందులోంచి ‘దిహేరా’ రావాలి. బావ నోట ‘దిహియేరా’ అని వచ్చేది. మధ్యలో ఆ ‘ఇ’ ఎక్కడినుంచో దూరేది. స్కేలు. ‘తెచ్చారు’కు కూడా అంతే, ‘త్రహేరా’. ‘త్రహియేరా’ అన్నాడు. స్కేలు అడ్డంగా కాదు, అంచుతో. కణుపు చిట్లి నెత్తురు కారితే మదర్ తన రుమాలే చుట్టి, ముడి వేస్తూ మళ్ళీ అడిగింది. “తెచ్చి ఉండిన?”

“త్రహేరా.”

“ఎముక తీసిన మాంసమువలె ఉన్నది. మంచిది.”

కర్మాగారంలో ముద్ర కొట్టిన ప్రతిసారీ ఒక క్రియ అరిచేవాడు. దబ్, పుసియేరా! దబ్, సుపియేరా! పక్కన కొత్తగా చేరిన ఒక కుర్రకసాయి, “ఎవర్ని ఏరా అంటున్నావ్?” అని కత్తి చూపాడు. బావ ఆ ముద్ర వాడి నుదుటి మీద కొట్టాడు. ‘తినుటకు యోగ్యము’ అన్న అక్షరాలు చాలాకాలం పోలేదు.

‘ఫ్వేరా’ అనే మాట వచ్చిన రోజు మాత్రం ఒక చిత్రం జరిగింది. ఆ మాట వినగానే బావ తెగిన చెయ్యి తనంతట తానే వణికింది. “ఇది ‘వెళ్ళు’ అను క్రియకును, ‘ఉండు’ అను క్రియకును ఒక్కటే రూపము” అంది మదర్. బావ చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. అన్నీ ఏరాలే కదా, దీనికే ఎందుకు వణికిందో మాకెవరికీ తట్టలేదు.

ఆయన బాధ చూసి మదర్ ఒక దారి చెప్పింది. “‘రా’ నీకు కష్టమైనచో ‘సే’ కలదు. వినియేరా అనినను, వినియేసే అనినను తప్పు లేదు.”

బావ ఆలోచించాడు. “ఆ ‘సే’ మర్యాదగా ఉంది మదర్. మీతో అదే అంటాను. వాడితో మాత్రం ‘రా’నే.” నిజంగానే ఆవిడ దగ్గర అన్నీ ‘సే’లే వాడాడు. బయటికి రాగానే నాతో, “నరకబోయేవాడికి మర్యాద ఏంట్రా?” అన్నాడు.

చివరి పాఠం నాడు మదర్, “ఇప్పుడు మా భాషలోకెల్ల వినయమైన మాట. రాజు ఎదుట నిలిచినవాడు కూడ ఇట్లే మొదలిడును” అంది. “కిసియేరా.”

బావ స్కేలు సంగతి కూడా మరిచి లేచి నిలబడ్డాడు. “దానికి అర్థం?”

“కోరుచున్నాను, తమరు అనుమతించినచో, అని.”

దారంతా బావ ‘కిసియేరా’ అని గొణుక్కుంటూ నడిచాడు. ఇంటి మెట్ల దగ్గర ఆగి, “ఆ బత్తాయిల రోజు వాడు...” అన్నాడు. మళ్ళీ తానే తల విదిలించాడు. “తప్పు చేసినవాడికి వినయం ఎక్కువ. వేళ్ళు వేళ్ళే.”

మర్నాడు పని దిగే వేళ కత్తులు సానపట్టే గదిలోకి మీసాన్ని రమ్మని కబురు పెట్టాడు. సానరాయి ఇంకా తిరుగుతోంది. మధ్యలో నరుకుడు మొద్దు. బావ చేతిలో వెడల్పు కత్తి, దాని అంచులో నా మొహం కనబడేంత పదును. నేను తలుపు దగ్గర ఉన్నాను. ఆపగలిగేవాణ్ణి కాను, చూడకుండా ఉండగలిగేవాణ్ణీ కాను. అక్క ఉతుకుడు గదిలోంచి గొట్టం లాక్కొస్తోంది. ఆ గొట్టం పొడవు చాలక మలుపు దగ్గర ఆగిపోయి తిట్టుకుంటోంది.

మీసం వచ్చాడు. కత్తినీ మొద్దునూ చూశాడు. బావ ఊపిరి పీల్చి, ఒక్క ఎముక కూడా మిగలకుండా అన్నాడు.

“మే దిహిస్తె కె వినియేరా. ఇ వినె.”

నన్ను రమ్మన్నావు. వచ్చాను.

మీసం నోరు తెరిచాడు. ఊడిన పన్ను సందు కనబడింది. ఈ ఊళ్ళో వాడి భాష మాట్లాడిన మొదటి మనిషి వాడి వేళ్ళు నరకబోతున్నవాడు. బావ కత్తితో మొద్దు చూపించాడు. మీసం ఎడమచెయ్యి తీసి మొద్దు మీద పెట్టాడు, అరచెయ్యి పైకి తిప్పి. అరచేతికి అడ్డంగా గొలుసు కమ్మీల వాత, తోలు ఊడి ముడుచుకుపోయిన మచ్చ. రెండో చెయ్యీ తిప్పాడు. అక్కడా అదే. ఆ రోజు ఆ కట్లు ఎందుకో మేమెవరమూ అడగలేదు.

“నో,” అన్నాడు వాడు. “తె దిహె కె తె ఫ్వేరాస్.”

కత్తి గాల్లో ఉంది. బావ పెదవులు కదిలాయి. నాకు తెలుసు, తోక నరుకుతున్నాడు. ఫ్వేరాస్. ఫ్వేరా. ఫ్వేరోన్. వెళ్ళారు. నిన్ను వెళ్ళమన్నాను.

“వినియేరా?” అన్నాడు బావ.

“నో వినియేరాస్. ఫ్వేరాస్!” మీసం ఆ చేత్తోనే బయటికి చూపిస్తూ, ఆ రోజు మీట మీదినుంచి అరిచినట్టే అరిచాడు. “ఫ్వేరా! ఫ్వేరా!”

తెగిన చెయ్యి వణికింది. బావకు అంతా వినబడింది. ఈసారి తలా మొండెమూ కూడా. తప్పుకో, బయటికి పో, అని ఒక మనిషి, మీటకు ఆగని గొలుసును చేతుల్తోనే పట్టుకుని, అరచేతులు కాలుతుంటే అరిచాడు. పో అంటే, తాను రా అని విన్నాడు.

ఆ నెల రోజుల దెబ్బలు తినకపోయి ఉంటే ఆయనకు అది అర్థమయ్యేది కాదు. అర్థం కాకపోయి ఉంటే కత్తి దిగేది. దిగింది కూడా. మీసం వేళ్ళ పక్కన మొద్దును రెండు చెక్కలు చేసి నేలలో దిగబడింది. వాడి చిటికెన వేలి గోరు మాత్రం ఎగిరి నా బూటు మీద పడింది.

మీసం గోరు పోయిన వేలు చూసుకున్నాడు. నాలుకతో పన్ను సందు తడుముకున్నాడు. భయం పోయినవాడికి కోపం గుర్తొస్తుంది. లాగి బావ దవడ మీద ఒకటిచ్చాడు. అది పన్నుకు. బావ తిన్నాడు. ఇంకోటి, కడుపులో. అది మెట్లకు. బావ అదీ తిన్నాడు, చేతులు వెనక్కు కట్టుకుని. మీసం మూడోది ఇచ్చాడు.

“అదెందుకురా?” అన్నాడు బావ. “మూడోది లేదే!”

ఇక మొదలైంది. సానరాయి దాని ఇరుసు మీదినుంచి ఊడింది. కత్తుల అలమర వాళ్ళమీద పడింది. ఒకడి చెవి చిరిగింది, ఇంకొకడి కనుబొమ్మ చిట్లింది. ఇద్దరూ నెత్తుట్లో జారుతూ, ఒకరి మెడ ఒకరు పట్టుకుని, తెలిసిన క్రియలన్నీ వాడుకున్నారు. చివరికి అక్క గొట్టానికి ఇంకో ముక్క అతికించుకుని వచ్చి ఇద్దరి మీదా ఉడుకునీళ్ళు వదిలింది. “చాలు! ఏప్రాన్లు ఉతికేది నేను!”

తడిసిన కోళ్ళలా గోడకానుకుని కూర్చున్నారు. బావ ఎడమచెయ్యి ఎత్తి, వేళ్ళు లేని చోటు చూపించి, తనను తాను చూపించుకున్నాడు. తప్పు నాది అని. అంతకంటే పెద్ద మాట ఆయన నోట ఏ భాషలోనూ రాలేదు.

తరువాత ఒక చిక్కు వచ్చిపడింది. మళ్ళీ కొక్కెం జారితే మీసం ఏమని అరవాలి? వాడి భాషలో అరిస్తే పాత కథే. బావే నేర్పించడానికి కూర్చున్నాడు. “తప్పుకోండి” అని మొదలుపెట్టాడు, మర్యాద పోకూడదు గదా. మీసం నోటికి అది తిరిగేసరికి పంది నెత్తి మీద పడేలా ఉంది. “పొండి” అన్నాడు. మీసం “పొందీ” అన్నాడు. బావ తలపట్టుకున్నాడు. చాలాసేపు గొలుసువైపు చూసి, ఎవరైనా వింటున్నారేమోనని ఇటూ అటూ చూసి, చెవిలో చెప్పాడు.

“పోరా.”

మీసం మొహం వెలిగింది. వాడి మాటకు దగ్గరగా ఉంది, గొంతుకు చులాగ్గా ఉంది. “పోరా!” అన్నాడు.

బావ పిడికిలి మూసుకుంది. మెల్లగా తెరుచుకుంది.

కొన్నాళ్ళకు కొక్కెం మళ్ళీ జారింది. “పోరా!” అని కేక వినబడటమూ, బావ వెనక్కి దూకి నెత్తుటి కాలువలో వెల్లకిలా పడటమూ ఒకేసారి. ఆయన నిలబడ్డ చోట పందులన్నీ కుప్పగా పడి రాతినేల పగిలింది. బావ కాలువలోంచి లేచాడు, తలనుంచి పాదందాకా ఎర్రగా. మెట్ల పైకి చూసి, “వచ్చా... కాదు, పోయానురా!” అని అరిచాడు. ఆయన పగలబడి నవ్వడం నేను చూసింది అప్పుడే.

ఆ ఊపులో నేనొక పొరపాటు చేశాను. ఒక పలుకు అలవాటైతే అందరికీ చెల్లుతుందనుకుని, సాయంత్రం గేటు దగ్గర, “పోరా బావా” అన్నాను.

నా ముందు పన్ను కట్టుడుది. మనవలు పందెం కాసి ఊడలాగి ఆడుకునేది అదే.